లాంగ్ ఐలండ్‌కి వ్యాగన్‌లో సరుకు తెప్పించడం

బ్రదర్, న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో ఉన్న మీ గోడౌన్‌కి కలప రైల్లో ఎలా తెప్పించాలని అడిగారు కదా, అక్కడ ప్యాసింజర్ రైళ్లు నడిపే లాంగ్ ఐలండ్ రైల్ రోడ్‌ని అడిగి లాభం లేదు. వాళ్లు సరుకు రవాణా వదిలేసి చాలా కాలమైంది. 1997 నుంచి ఆ పని న్యూయార్క్ అండ్ అట్లాంటిక్ అనే చిన్న రైల్వే కంపెనీది. పట్టాలు, సిగ్నళ్లు మాత్రం లాంగ్ ఐలండ్ రైల్ రోడ్ వాళ్లవే.

మీ అసలు టెన్షన్ టైమింగ్ గురించి కదా? ఉదయం, సాయంత్రం ఆఫీసు రద్దీలో గూడ్స్‌కి దారి దొరకడం కష్టం. మధ్యాహ్నమో రాత్రో వస్తుంది. కాబట్టి "ఫలానా గంటకే" అని మీ కస్టమర్‌కి మాటివ్వకండి. వ్యాగన్లు న్యూయార్క్ నగరంలోని క్వీన్స్‌లో ఉన్న ఫ్రెష్ పాండ్ యార్డ్‌కి చేరాక అక్కడ విడదీసి పంపుతారు. కొన్నయితే న్యూజెర్సీ నుంచి పడవెక్కి బ్రూక్లిన్‌లో దిగుతాయి, నమ్మండి!

మీ గోడౌన్ దాకా సొంత సైడింగ్ (మెయిన్ లైన్ నుంచి చీలి వచ్చే పట్టా) లేదన్నారు. దాన్ని వేయించడం ఖరీదైన పని, ఇప్పుడే వద్దు. ముందు దగ్గర్లో వ్యాగన్ నుంచి లారీకి మార్చే యార్డ్ ఉందేమో కనుక్కోండి. ఒక వ్యాగన్ సరుకు మూడు నాలుగు లారీలకు సరిపోతుంది, కాబట్టి నెలకి ఒకటి రెండు లారీల సరుకే అయితే నేనైతే రైలు జోలికి పోను. అంతకంటే ఎక్కువైతే నెలకెన్ని టన్నులో లెక్క రాసుకుని ఆ కంపెనీ సేల్స్ వాళ్లకి ఫోన్ చేయండి.