క్యాంపర్ వ్యాన్ దిగబడేది రాత్రి ఆపిన చోటే: ఫోర్ వీల్ డ్రైవ్ ఎవరికి కావాలి?

ఈ వారం వచ్చిన సందేహాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి: క్యాంపర్ వ్యాన్‌కు ఇంజిన్ బలం రెండు చక్రాలకే అందే బండి (టూ వీల్ డ్రైవ్) చాలా, నాలుగింటికీ అందేది (ఫోర్ వీల్ డ్రైవ్, అదే ఫోర్ బై ఫోర్) కావాలా? లక్షల తేడా ఉన్న నిర్ణయం కాబట్టి మిగతా ప్రశ్నలను వచ్చే వారానికి ఉంచి, వీటికే జవాబులిస్తున్నాను.

ప్రశ్న: మేం విశాఖపట్నంలో ఉంటాం. పాత టెంపో ట్రావెలర్ కొని క్యాంపర్‌గా మార్పించాలని ఆలోచన. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలం. అరకు, లంబసింగి, గండికోట తిరగాలి. ఒక్కసారైనా లద్దాఖ్ వెళ్లాలి. టూ వీల్ డ్రైవ్‌తో అంత ఎత్తు ఎక్కలేమని బంధువులు భయపెడుతున్నారు. ఒక గ్యారేజీ వాళ్లు ఫోర్ బై ఫోర్‌గా మార్చి ఇస్తామంటున్నారు. చేయించమంటారా?

వద్దండీ. ఆ డబ్బులో కొంత టైర్లకు పెట్టండి, మిగిలింది దాచుకోండి.

ముందు ఎత్తు సంగతి. తారు రోడ్డు మీద ఘాట్ ఎక్కడం ఇంజిన్ బలం, గేర్ల పని. ఎన్ని చక్రాలు నడుస్తున్నాయన్నది అక్కడ లెక్కలోకి రాదు. అనంతగిరి ఘాట్ మీదుగా అరకు వెళ్లే ఆర్టీసీ బస్సులో వెనుక చక్రాలే నడుస్తాయి. మనాలి నుంచి లేహ్‌కు ప్రతి వేసవిలోనూ షేర్ టెంపో ట్రావెలర్లు నడుస్తాయి. బారాలాచా లా, 5,300 మీటర్లు దాటిన తంగ్లాంగ్ లా కనుమలు ఎక్కి దిగే ఆ బండ్లు కూడా వెనుక చక్రాల డ్రైవ్‌వే. అంత ఎత్తులో గాలి సముద్ర మట్టంతో పోలిస్తే దాదాపు సగమే ఉంటుంది కాబట్టి ఇంజిన్ నీరసపడుతుంది. టర్బో కొంత ఆదుకుంటుంది. తగ్గిన ఆ బలాన్ని నాలుగు చక్రాలకు పంచినంత మాత్రాన అది పెరగదు.

నాలుగు చక్రాలు నిజంగా ఆదుకునేది నేల జారేటప్పుడు. ఒక అంచనా లెక్క చూద్దాం. సామానుతో మీ వ్యాన్ 3,500 కిలోలు, అందులో 55 శాతం వెనుక ఇరుసు మీద ఉందనుకోండి. 100 మీటర్లకు 12 మీటర్లు ఎక్కే తడి మట్టి దారి. వాలు వెనక్కి లాగే బలం 420 కిలోలు. మెత్తని నేల చక్రాన్ని పట్టి ఉంచే బలం ఇంకో 175 కిలోలు వేసుకుందాం. మొత్తం 595. అరిగిన టైరుకు ఆ బురదలో పట్టు 0.25 (అంటే చక్రాల మీద పడే బరువులో పావు వంతు) ఉంటే, వెనుక చక్రాలు ఇవ్వగలిగేది 481 కిలోలే. చక్రం గిర్రున తిరుగుతుంది, బండి కదలదు. నాలుగూ నడిస్తే 875 వస్తుంది, సులువుగా ఎక్కేస్తుంది. ఫోర్ వీల్ డ్రైవ్ గొప్పతనం ఇదే, దాన్ని తక్కువ చేసి చెప్పను.

అదే లెక్కలో టైర్లు మార్చి చూడండి. లోతైన గాళ్లున్న ఆల్ టెర్రైన్ టైర్లతో పట్టు 0.32కు పెరిగితే వెనుక చక్రాలే 616 కిలోలు ఇస్తాయి. అంచు మీద గట్టెక్కుతారు. ఎండిన కంకర దారిలో పట్టు 0.6 దాకా ఉంటుంది కాబట్టి 1,155 కిలోలు వస్తాయి, అసలు ఆలోచించే పనే లేదు. మీరు రాసిన ఊళ్లకు వెళ్లేవి దాదాపు అన్నీ తారు రోడ్లే. రాత్రి బసకు తారు దాటి కొద్ది దూరం మట్టిలోకి దిగినప్పుడే సమస్య.

క్యాంపర్‌కూ మామూలు కారుకూ ఉన్న తేడా కూడా అక్కడే. కారు జారే చోటును వేగం మీద దాటేస్తుంది. క్యాంపర్ ఆ జారే చోటే రాత్రంతా ఆగుతుంది. సాయంత్రం గట్టిగా ఉన్న నేల మీద ఆపుతారు, రాత్రి వాన పడుతుంది, తెల్లారేసరికి మూడున్నర టన్నుల బరువు కింద నేల మెత్తబడి ఉంటుంది. నిలబడి ఉన్న బండిని ఆ బురదలోంచి కదిలించాలి. నల్లరేగడి అయితే టైరు గాళ్లలో ముద్దగా పట్టుకుని చక్రం నున్నగా అయిపోతుంది. అప్పుడు నాలుగు చక్రాలూ తిరిగినా బండి ఉన్నచోటే కూరుకుపోవచ్చు. నల్లరేగడి పొలాల పక్కన వానాకాలంలో రాత్రి బస వద్దు, ఏ డ్రైవ్ ఉన్న బండైనా సరే. కంకర పరిచిన చోటో, తారు అంచో చూసుకోండి.

బరువు ఎక్కడ పెట్టిస్తున్నారన్నది ఇంకో పెద్ద విషయం. 100 లీటర్ల నీళ్ల ట్యాంకు నిండితే 100 కిలోలు. 200 యాంపియర్ అవర్ ట్యూబులర్ బ్యాటరీ ఒక్కటే 60 కిలోల దాకా ఉంటుంది, అదే సామర్థ్యం లిథియంలో సగం కూడా ఉండదు. మీది వెనుక చక్రాల డ్రైవ్ కాబట్టి వెనుక ఇరుసు మీద బరువుంటే పట్టు పెరుగుతుంది. కానీ ఇరుసు దాటి బండి తోక భాగంలో పేర్చితే ముందు భాగం తేలికైపోయి స్టీరింగ్ మాట వినదు. ట్యాంకు, బ్యాటరీ ఇరుసుకు కాస్త ముందు వచ్చేలా చేయించండి. కొనేటప్పుడు చిన్న వీల్‌బేస్ (ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం) ఉన్నది వెతకండి. పొడవాటి ట్రావెలర్ వెనుక భాగం వాగు దాటి గట్టు ఎక్కేటప్పుడు నేలకు రాసుకుంటుంది. మురుగునీటి ట్యాంకు కింద వేలాడదీశారంటే మొదట పగిలేది అదే.

ఇక గ్యారేజీ వాళ్లు చెప్పిన మార్పు. దానికి ముందు ఇరుసులో డిఫరెన్షియల్ (రెండు వైపుల చక్రాలకు బలం పంచే గేర్లు), కొత్త షాఫ్టులు, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనుక ఇరుసులకు బలం పంచే గేర్ల పెట్టె) కావాలి. సస్పెన్షన్, స్టీరింగ్ కోణాలు, బ్రేకు పైపుల దారి అన్నీ మారతాయి. ఆర్‌సీలో రాసి ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 నిషేధిస్తోంది. క్యాంపర్‌గా మార్చడానికే ఆర్టీఓ ఆమోదం తీసుకోవాలి. డ్రైవ్ మార్చడం దానికన్నా చాలా పెద్ద మార్పు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ తిరస్కరించడానికి అది కారణం కావచ్చు. లేహ్ దారిలో షాఫ్ట్ విరిగితే ఆ పార్టు అక్కడ ఎవరి దగ్గరా దొరకదు. పిల్లలతో వెళ్లేవాళ్లకు ఆ టెన్షన్ ఎందుకు?

లద్దాఖ్‌కు జూన్ చివర నుంచి సెప్టెంబర్ మధ్యలో వెళ్లండి. దారిలో వాగులు, ముఖ్యంగా గ్రాంఫూ నుంచి స్పితిలోని కాజా వైపు తిరిగితే, పొద్దున్నే దాటేయండి. ఎండెక్కాక మంచు కరిగి నీళ్లు పెరుగుతాయి. చలికాలం మాత్రం ఈ బండితో వద్దు. మంచు పడిన రోజుల్లో మనాలి పైన ఫోర్ బై ఫోర్ బండ్లనో, టైర్లకు చెయిన్లు కట్టినవాటినో మాత్రమే పోలీసులు ముందుకు వదులుతారు.

ప్రశ్న: అమెరికాలో డెన్వర్‌లో ఉంటున్నాను. మెర్సిడెస్ స్ప్రింటర్ ఆల్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలూ నడిచేది), ఫోర్డ్ ట్రాన్సిట్, రామ్ ప్రోమాస్టర్ వ్యాన్ల మధ్య ఎటూ తేల్చుకోలేకపోతున్నాం. చలికాలం స్కీయింగ్‌కూ, వేసవిలో యూటా ఎడారికీ వెళ్తాం. ప్రోమాస్టర్ చాలా చవగ్గా వస్తోంది.

మీ విషయంలో నా జవాబు వేరు. మంచు మీ వారాంతపు అలవాటు కాబట్టి ఆల్ వీల్ డ్రైవ్‌కు పెట్టే డబ్బు వృథా కాదు. ప్రోమాస్టర్ ముందు చక్రాల డ్రైవ్ మాత్రమే. కింద ప్రొపెల్లర్ షాఫ్ట్ (వెనుక చక్రాలకు బలం చేరవేసే కడ్డీ) లేనందువల్ల నేల కిందికి ఉంటుంది, ఇల్లులా మార్చుకోవడానికి మంచి బండి. కానీ క్యాంపర్‌లో మంచాలు, ట్యాంకులు వెనుకే చేరతాయి. ఎక్కుడులో బరువు ఇంకా వెనక్కి జరుగుతుంది. నడిచే చక్రాలు ముందున్నాయి. పట్టు కావలసిన క్షణంలోనే అది తగ్గిపోతుంది.

ట్రాన్సిట్‌లో 2020 మోడల్ నుంచి ఆల్ వీల్ డ్రైవ్ ఆప్షన్ ఉంది. పెట్రోలు ఇంజిన్, ఏ చిన్న ఊళ్లో అయినా బాగుచేసేవాళ్లు దొరుకుతారు. మీ వాడకానికి నేను దాన్నే ముందు చూడమంటాను.

అయితే ఒక్క మాట బలంగా చెప్పాలి. నాలుగు చక్రాలు నడిస్తే బండి కదలడం సులువవుతుంది. ఆగడం, తిరగడం సులువవదు. మంచు దిగుడులో బ్రేకు వేసినప్పుడు పట్టు ఇచ్చేది టైరు ఒక్కటే. కొండ గుర్తులో మంచు నలుసు బొమ్మ ఉన్న వింటర్ టైర్లు వేసిన టూ వీల్ డ్రైవ్ వ్యాన్, మామూలు టైర్లున్న ఆల్ వీల్ డ్రైవ్ వ్యాన్ కన్నా ముందుగా ఆగుతుంది. చట్టాలూ దీన్ని గుర్తించాయి. కొలరాడోలో ఐ-70 హైవే మీద డాట్‌సెరో, మోరిసన్ మధ్య సెప్టెంబర్ 1 నుంచి మే 31 వరకు ట్రాక్షన్ (టైరు పట్టు) నియమం ఉంటుంది, ఆల్ వీల్ డ్రైవ్‌కు కూడా టైరు గాళ్లు కనీసం 3/16 అంగుళం లోతు ఉండాలి. కాలిఫోర్నియా కొండల్లో ఆర్2 (చెయిన్ల నియంత్రణలో రెండో స్థాయి) పెట్టినప్పుడు, నాలుగు చక్రాలకూ స్నో టైర్లున్న ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లకు చెయిన్లు కట్టకుండా వెళ్లే వీలుంది, కానీ బండిలో చెయిన్లు ఉండాల్సిందే. ఆర్3 అంటే ఎవరికీ మినహాయింపు లేదు.

యూటా గురించి: ఆల్ వీల్ డ్రైవ్ అన్నంత మాత్రాన అన్ని దారులూ తెరుచుకోవు. కాన్యన్‌లాండ్స్ నేషనల్ పార్కులో వైట్ రిమ్ రోడ్డుకు ఎత్తైన బండితో పాటు లో రేంజ్ (వేగం తగ్గించి బలం పెంచే అదనపు గేరు) ఉన్న ఫోర్ వీల్ డ్రైవ్ తప్పనిసరి. 2023 నుంచి వస్తున్న స్ప్రింటర్ ఆల్ వీల్ డ్రైవ్‌లో లో రేంజ్ లేదు. అంతకుముందు మోడళ్ల ఫోర్ బై ఫోర్‌లో అది ఆప్షన్‌గా దొరికేది. అలాంటి దారుల మీదే మనసుంటే వ్యాన్ ఆలోచన మానుకుని, అక్కడి వరకు వెళ్లి జీపు అద్దెకు తీసుకోవడం మంచిది.

ప్రశ్న: జర్మనీలో మ్యూనిక్ దగ్గర ఉంటాం. మా ఫియట్ డుకాటో క్యాంపర్ తడి గడ్డి మీద ప్రతిసారీ ఇరుక్కుంటోంది. మార్చేయాలా?

అక్కర్లేదు. యూరప్ మోటార్‌హోముల్లో ఎక్కువ భాగం ముందు చక్రాల డుకాటో మీదే కట్టినవి. ఫోర్ వీల్ డ్రైవ్ వల్ల పెరిగే బరువు మీ బి (కారు) లైసెన్సుకున్న 3,500 కిలోల పరిమితిలోంచే పోతుంది, అది ఇంకో తలనొప్పి. పార్క్ చేసేటప్పుడే ముందు చక్రాలు కంకర మీదో, బాట మీదో ఉండేలా, బండి ముఖం దిగుడు వైపు ఉండేలా ఆపండి. ఇరుక్కుంటే చక్రాన్ని తిప్పుతూ ఉండొద్దు, రెండో క్షణానికే గొయ్యి తవ్వేస్తుంది. చక్రం కింద ట్రాక్షన్ బోర్డులు (పట్టు ఇచ్చే గరుకు పలకలు) పెట్టి, మెల్లగా కదిలించండి. వాలు ఎక్కాలంటే రివర్స్‌లో ఎక్కి చూడండి. అప్పుడు నడిచే చక్రాలు దిగువన ఉంటాయి కాబట్టి బరువు వాటి మీదకే వస్తుంది.

ప్రశ్న: మా క్రెటాలో స్నో, మడ్, శాండ్ మోడ్‌లు ఉన్నాయి. అంటే అది ఫోర్ వీల్ డ్రైవ్ లాంటిదే కదా? పైన టెంట్ వేసుకుని బీచ్‌ల మీద క్యాంప్ చేద్దామని.

కాదండీ. అక్కడ నడిచేవి ముందు చక్రాలు రెండే. మోడ్ మార్చితే సాఫ్ట్‌వేర్ యాక్సిలరేటర్ స్పందననూ, జారే చక్రానికి బ్రేకు వేసే తీరునూ మారుస్తుంది. ఒక చక్రం గాల్లోకి లేచినప్పుడు, దానికి బ్రేకు వేసి రెండోదానికి బలం పంపడం నిజంగా ఉపయోగపడే పని. కానీ వెనుక చక్రాలకు బలం ఎక్కడి నుంచీ రాదు. ఇసుకలో ఇంకో చిక్కుంది: ట్రాక్షన్ కంట్రోల్ మామూలుగా ఆన్‌లో ఉంటే, చక్రం కాస్త జారగానే ఇంజిన్ బలం కోసేస్తుంది, బండి అక్కడే కూర్చుంటుంది. ఇసుకలో దాన్ని ఆఫ్ చేసి, టైర్లలో గాలి తగ్గించి, ఆగకుండా పోవాలి. తిరిగి గాలి నింపడానికి 12 వోల్టుల కంప్రెసర్ వెంట ఉండాలి. అసలు మన దగ్గర చాలా బీచ్‌ల మీద బండి నడిపితే కేసు పెడతారు. కేరళలో కన్నూరు దగ్గర ముళప్పిలంగాడ్ లాంటి చోట, అదీ గట్టి ఇసుక మీద అనుమతి ఉంది. సూర్యలంకలో అయినా, అంతర్వేదిలో అయినా రోడ్డు చివర పార్క్ చేసి నడిచి వెళ్లండి. తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక అది.

ప్రశ్న: ఇసుజు పికప్ కొని వెనుక టెంట్ కట్టాలనుకుంటున్నాను. వి-క్రాస్ ఫోర్ బై ఫోర్ తీసుకోవాలా, టూ వీల్ డ్రైవ్ హై-ల్యాండర్ చాలా? మారేడుమిల్లి అడవి దారులు, తర్వాత స్పితి వెళ్లాలి. ఊరు రాజమహేంద్రవరం.

మీరు ఫోర్ బై ఫోర్ తీసుకోండి. ఇది గ్యారేజీలో అతికించినది కాదు, మన శ్రీసిటీ ఫ్యాక్టరీలోనే అలా తయారై వస్తుంది, పార్టులూ సర్వీసూ దొరుకుతాయి. పైగా ఖాళీ పికప్‌లో వెనుక ఇరుసు మీద బరువు చాలా తక్కువ. టూ వీల్ డ్రైవ్ పికప్ తడి మట్టిలో వ్యాన్ కన్నా ముందే జారుతుంది. ఫోర్ లో గేరులో (నాలుగు చక్రాలకూ లో రేంజ్) చక్రానికి అందే బలం సుమారు రెండున్నర రెట్లు అవుతుంది. రాళ్ల దిగుడులో బ్రేకు మీద కాలు పెట్టకుండా నడక వేగంతో దిగవచ్చు. అడవి దారిలో నాకు నచ్చే గుణం అదే.

వాడకంలో రెండు జాగ్రత్తలు. ఈ బండిలో ఫోర్ హై (నాలుగు చక్రాలూ మామూలు గేర్లతో నడిచేది) వేస్తే ముందు ఇరుసూ వెనుక ఇరుసూ కలిసిపోయి ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో మాత్రం ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి. మట్టిలో అయితే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. ఎండిన తారు మీద సర్దుకునే దారి లేక గేర్లన్నీ బిగుసుకుంటాయి, ట్రాన్స్‌ఫర్ కేస్ పాడవుతుంది. తారు మీదికి రాగానే టూ హైకి (వెనుక చక్రాలే నడిచేదానికి) మార్చేయండి. రెండోది, నెలకోసారైనా మట్టి దారిలో రెండు మూడు కిలోమీటర్లు ఫోర్ హైలో నడపండి. లోపలి ఆయిల్ అన్ని భాగాలకూ అందుతుంది, పనిచేయకపోతే ఆ సంగతి ఇంటి దగ్గరే తెలుస్తుంది. సెకండ్ హ్యాండ్ బండి చూస్తుంటే, డబ్బు ఇచ్చే ముందు ఏదైనా ఖాళీ మట్టి స్థలంలో ఫోర్ హై, ఫోర్ లో రెండూ వేయించి, డాష్‌బోర్డు మీద లైటు వెలిగాక బండి నడిపించి చూడండి.