బస్సు వదిలి ట్రాలీ తీసుకో

తిరుపతి

నాయనా,

అలిపిరి నుంచి కొండెక్కే బస్సుతో వ్యాసం బాగా ఎత్తుకున్నావు. రెండో పేజీకల్లా బస్సూ లేదు, లెక్కా లేదు. ‘లీనియర్ ప్రోగ్రామింగ్‌తో ఇంధనం ఆదా చేయవచ్చు’ అన్న వాక్యం ఒక్కటే మిగిలింది. సరళ సమీకరణాల, హద్దుల మధ్య ఖర్చును కనిష్ఠం చేసే పద్ధతి అదని కూడా చెప్పలేదు. ఎట్లా చేయాలో చెప్పని ఆ వాక్యాన్ని కొట్టెయ్. అంకెలుంటే పాఠకుడు పారిపోతాడనే సంపాదకులు మనకెప్పుడూ ఉన్నారు. తెలుగులో సైన్సు వ్యాసం పొగడ్తగా మిగిలిపోయింది వాళ్ల వల్లే. ‘సరికొత్త పద్ధతి’ అన్న మాటా తీసెయ్. జాదే, వేలెన్ అనే పరిశోధకులు 1962లోనే ఈ దారి చూపించారు.

వ్యాసంలో లెక్క లేకపోయినా, నీ ప్రోగ్రాంలో బలం వర్గాన్ని కనిష్ఠం చేశావు. అది క్వాడ్రాటిక్ ప్రోగ్రామింగ్, లీనియర్ అన్న నీ శీర్షికకు చెల్లదు. ఇంధనం ఖర్చుగా కనిష్ఠం చేయాల్సింది బలం పరమ మూల్యాల (గుర్తు వదిలేసిన విలువల) మొత్తం. అదీ సరళ (లీనియర్) ప్రమేయం కాదు కాబట్టి, కాలాన్ని చిన్న చిన్న అడుగులుగా కోసి ప్రతి అడుగులో బలాన్ని రెండు చలరాశులు చెయ్యి: ముందుకు తోసేది, వెనక్కి లాగేది. రెండూ 0కీ 1కీ మధ్యే. వాటి తేడా బలం, కూడికను అడుగు కాలంతో గుణిస్తే ఖర్చు. రెండింటినీ సమానంగా తగ్గిస్తే బలం మారదు, ఖర్చు తగ్గుతుంది. అందుకే కనిష్ఠం దగ్గర రెండింట్లో ఒకటి సున్నా అయి తీరుతుంది.

ఘాట్ రోడ్డు వాలు మలుపు మలుపుకూ మారుతుంది, సరళ సమీకరణాలకు లొంగదు. చదునైన పట్టాల మీద 1 కిలో ట్రాలీ తీసుకో. కదలకుండా ఉన్నది 10 మీటర్లు పోయి, 10వ సెకనుకు మళ్లీ ఆగాలి. బలం 1 న్యూటన్ దాటరాదు. 0.2 సెకన్ల అడుగులు 50, చలరాశులు 100.

కొత్త వేగం = పాత వేగం + 0.2 × బలం
కొత్త స్థానం = పాత స్థానం + 0.2 × పాత వేగం + 0.02 × బలం

వీటిని ఒకదాంట్లో ఒకటి పెట్టుకుంటూ పోతే చివరికి రెండే సమీకరణాలు: స్థానం 10, వేగం 0. సమీకరణాలు రెండే గనక సింప్లెక్స్ (లీనియర్ ప్రోగ్రామింగ్ లెక్క తేల్చే పద్ధతి) ఇచ్చే జవాబులో హద్దుల నడుమ నిలిచే చలరాశులు రెండుకు మించవు. చూడు: మొదటి ఐదు అడుగులు పూర్తి బలం, ఆరోది 0.641, తర్వాత 38 అడుగులు సున్నా, 45వది −0.641, చివరి ఐదూ −1. ఖర్చు 2.256. కాలాన్ని ముక్కలు చెయ్యకుండా కాగితం మీద చేస్తే 2.254. ఈ రెండంకెలూ పక్కపక్కన లేకుండా వ్యాసం ఎవరికీ పంపొద్దు.

వేగానికి సెకనుకు 1 మీటరు హద్దు పెట్టు. అడుగుకో అసమీకరణం చేరుతుంది, పరిష్కారం లేదని వస్తుంది. ప్రోగ్రాం తప్పనుకోవద్దు. ఆ హద్దులో 10 సెకన్లకు పోగలిగేది 9 మీటర్లే, 55 అడుగులు కావాలి. హద్దు తీసేసి అడుగులు తగ్గించుకుంటూ వస్తే 32 దాకా జవాబు దొరుకుతుంది, 31కి దొరకదు. కనిష్ఠ కాలం 6.32 సెకన్లని చేత్తో చేసిన లెక్కా చెబుతుంది. ఆ లెక్క కూడా వ్యాసంలో పెట్టు.