కాటా కేబుల్ పీకేసినా స్క్రీన్ మీద పాత బరువే ఉండిపోతుంటే

కాటా బరువు చదివి బిల్లు వేసే మీ పైథాన్ ప్రోగ్రాంలో, కేబుల్ పీకేసినా పాత బరువే కనిపిస్తోందని అడిగారు. పైసీరియల్‌లో (సీరియల్ పోర్టు చదివే పైథాన్ లైబ్రరీ) ఈజ్_ఓపెన్ (is_open) చూసి కాటా ఉందో లేదో తేలుస్తున్నారు కదా, తేడా అక్కడే. కేబుల్ పీకేసినా అది ట్రూ అనే చెప్తాది, మీ ప్రోగ్రాం పోర్టు తెరిచిందా లేదా అన్నదే దానికి తెలుసు.

1. బరువు చదివే రీడ్‌ని ట్రై (try) బ్లాక్‌లో పెట్టి సీరియల్‌ఎక్సెప్షన్ (SerialException) అనే ఎర్రర్ పట్టుకోండి, యూఎస్‌బీ ఊడితే అది వస్తాది.

2. అందరూ వదిలేసేది ఇదే. కాటా వైపు వైరు ఊడినా, కాటాకి కరెంటు పోయినా ఎక్సెప్షన్ రాదండి, కాటా వైరుని యూఎస్‌బీకి కలిపే కన్వర్టర్ ఇంకా సిస్టంకే ఉంది కాబట్టి రీడ్ ఖాళీగా తిరిగొస్తాది, టైమౌట్ (ఎన్ని సెకన్లు ఎదురు చూడాలో చెప్పే గడువు) పెట్టకపోతే అక్కడే ఆగిపోద్ది. మీది ఆగకుండా బరువు పంపే కాటా అన్నారు, అందుకని టైమౌట్ 1 పెట్టి, చివరి బరువు వచ్చిన టైం దాచుకుని 3 సెకన్లు దాటితే అంకె చెరిపేసి బిల్లు బటన్ ఆపేయండి. పలాస జీడిపప్పు రేటుకి పాత బరువు మీద బిల్లు పడితే చాలా నష్టం.

3. మళ్లీ తెరిచే ముందు పాత పోర్టు క్లోజ్ చెయ్యండి.