మ్యూజియం తాళాలు అందుకోబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, మాస్టారి ఆశీస్సులు.

మన ఊరి మ్యూజియం బాధ్యత నీకు అప్పగించారని కమిటీవాళ్లు చెప్పారు. సంతోషం. ఏడాది పొడుగునా ఏయే కార్యక్రమాలు పెట్టాలో పట్టిక రాసి పంపమన్నావు. దానికి నేనెందుకమ్మా, క్యాలెండరే చెబుతుంది. ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినం, మే 18 అంతర్జాతీయ మ్యూజియం దినం, ఆగస్టు 7 చేనేత దినం, ఆగస్టు 29 తెలుగు భాషా దినం. ఒక్కోదానికి ఓ ఫ్లెక్సీ, ఓ శాలువా, గంటన్నర ఆలస్యంగా వచ్చే ముఖ్య అతిథి. ఫొటో జిల్లా పేజీలో పడుతుంది. మ్యూజియంలోకి మాత్రం కొత్త సంగతి ఒక్కటీ చేరదు. ఏ కార్యక్రమం పెట్టినా, అందరూ వెళ్లాక కుర్చీలు సర్దుతూ ఒక్క మాట అడుగు: ఇవాళ ఊళ్లోవాళ్ల దగ్గర మనకేం తెలిసింది? మనం వాళ్లకేం చెప్పామన్నది తర్వాత చూసుకోవచ్చు.

అందుకని ముందు రిజిస్టరు సంగతి చెబుతా. ఎవరైనా వస్తువు తెచ్చి ఇస్తే, వాళ్లు మెట్లు దిగేలోపే రాసుకో. "ఇత్తడి బిందె, పాతది, 1" అని రాస్తే అది పాతసామాన్ల కొట్టు లెక్క. ఎవరింటిది, ఆ ఇంట్లో ఎక్కడుండేది, దాంతో ఏ రేవులో నీళ్లు ముంచేవారు, అంచు మీద సొట్ట ఎలా పడింది, ఇప్పుడెందుకు ఇచ్చేస్తున్నారు, అన్నీ వాళ్ల నోటి మాటల్లోనే రాయి. మనవాళ్లు పెళ్లిసామాను మీద పేర్లు కొట్టించేవారు కదా, బిందె మెడ కింద వేలితో తడిమి చూడు. చుక్కలు చుక్కలుగా ఇంటిపేరు, ఒక్కోసారి ఊరూ తేదీ కూడా తగులుతాయి. ఆ పేరు ఎవరిదో చెప్పగలిగిన మనిషి నీ ఎదురుగా ఉన్నది ఆ పది నిమిషాలే. రేపు ఫోన్ చేసి అడుగుదాంలే అనుకోకు.

అదే కాగితం మీద, శాశ్వతంగా ఇచ్చారా, చూపించడానికి పెట్టారా అన్నది రాయించి సంతకం తీసుకో. మొహమాటపడకు. తాతగారు ఇచ్చినదాన్ని మనవడు వచ్చి అడిగే రోజు తప్పకుండా వస్తుంది.

మట్టిలో దొరికినవి వేరే లెక్క. ఘంటసాల బౌద్ధ స్తూపం పక్కనే ఉన్న సీమ మనది. చేపల చెరువు తవ్వుతుంటే దొరికిందని, పునాది తీస్తుంటే తగిలిందని ఎవరో ఒకరు తెస్తూనే ఉంటారు. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం, నేలలో దాగి ఉండి పది రూపాయలకు మించి విలువచేసేది ఏది దొరికినా కలెక్టరుకు తెలపాలి. ప్రేమగా ఇచ్చారని బీరువాలో పెట్టేసుకోకు. ఎక్కడ, ఎంత లోతున దొరికిందో రాసుకుని, ఫొటో తీసి, తెచ్చినాయన్ని వెంటబెట్టుకుని తహసీల్దారు ఆఫీసుకు వెళ్లు. ఆయన భయపడతాడు. నువ్వు పక్కనుంటే కాస్త ధైర్యం.

ఇక రోజూ వచ్చేవాళ్లు. పొద్దున్నే పేపరు కోసం, ఫ్యాను కింద కూర్చోవడం కోసం వచ్చే ముసలాళ్లను ఎప్పుడూ విసుక్కోకు. అసలు మ్యూజియం వాళ్లే. బస్సుకు టైముంది కదా అని వచ్చేవాళ్లూ మంచినీళ్ల కోసం వచ్చేవాళ్లూ కూడా మనవాళ్లే. 1818 అని వేసి, ఒకవైపు రాముడి పట్టాభిషేకం ఉన్న ఈస్టిండియా కంపెనీ నాణెం పట్టుకుని, యూట్యూబ్‌లో లక్షలు పలుకుతుందన్నారని ఒకాయన వస్తాడు. కంపెనీ అలాంటి నాణెం ఎప్పుడూ వేయలేదు. అది తర్వాతెవరో చేసిన బిళ్ల. నవ్వకుండా చెప్పు, పాపం అప్పటికే ఎవరికో డబ్బు కట్టి ఉండొచ్చు. రైస్ పుల్లర్ అంటూ రాగిచెంబు తెచ్చి, బియ్యాన్ని లాగుతుంది, సర్టిఫికెట్ ఇవ్వండి అనేవాడు మాత్రం వేరే రకం, మోసగాడు. వాడికి కుర్చీ కూడా వెయ్యకు.

కార్యక్రమం రేపనగా శుభ్రం చేసే అమ్మ ఉత్సాహంగా చింతపండు, బూడిద పట్టుకొస్తుంది. ఆమెను తప్పుపట్టడానికేం లేదు, ఇంట్లో పండగకి మనందరం చేసేదే. కానీ నువ్వు ముందురోజు అక్కడుండాలి. చింతపండు పులుపు పైపొరను తినేస్తుంది, తోముడికి చుక్కల పేరు అరిగిపోతుంది. పొడి నూలుగుడ్డ, మెత్తని కుంచె చాలు. ఎందుకో ఆమెకు చెప్పు, బిందె మీద పేరు ఆమె చేతే చదివించు. చదువు రాకపోతే చుక్కల్ని వేలితో తాకించు. ఆ తర్వాత నీకన్నా జాగ్రత్తగా చూసుకునేది ఆమే.

సంక్రాంతికి బొమ్మల కొలువు మ్యూజియంలోనే పెట్టించు. కొండపల్లి బొమ్మలు, ఏటికొప్పాక లక్కబొమ్మలు, చెయ్యి విరిగిన మట్టి కృష్ణుడు, ఎవరింట్లో ఏవుంటే అవి తెమ్మను. పోటీ, బహుమతి వద్దు. బహుమతి అనగానే కొత్త బొమ్మలు కొనుక్కొస్తారు. ప్రతి బొమ్మ పక్కనా ఎవరు కొన్నారో, ఏ తిరనాళ్లలో కొన్నారో రెండు ముక్కలు రాసిపెట్టమను, చాలు.

బడి పిల్లల్ని ఒకేసారి వంద మందిని పంపుతామంటారు. ముప్పై మందికి మించి ఒప్పుకోకు. గాజుపెట్టెల ముందు వరసలో నడిపిస్తే వాళ్లకు గుర్తుండేది ముందువాడి జడో చొక్కానో. అరుగు మీద కూర్చోబెట్టి సోల, తవ్వ, మానిక, కుంచం బయటపెట్టు. పేపరు ముసలాళ్లలో ఒకరి చేత బియ్యం పోయించు. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం అని పిల్లలే లెక్క కడతారు. పావలా అంటే 4 అణాలని, 1957 ఏప్రిల్‌లో నయాపైసలు వచ్చేదాకా రూపాయికి 16 అణాలని, కొత్త లెక్కతో కొట్లో జరిగిన గొడవల్ని ఆయనే చెబుతాడు. నువ్వు పక్కన కూర్చుని రాసుకో.

అన్నిటికంటే ముఖ్యమైంది నవంబరు 19. ఆరోజు నుంచే ప్రపంచ వారసత్వ వారం మొదలవుతుంది, బ్యానరు కట్టమని సర్క్యులరు వస్తుంది. బ్యానరు మర్నాడు కట్టుకో. 1977లో అదే తేదీన, శనివారం, ఉప్పెన దివిసీమను ముంచింది. పోయినవాళ్లు పదివేల పైమాటే. ఆనాడు పదేళ్ల పిల్లలుగా ఉన్నవాళ్లకు ఇప్పుడు అరవై దగ్గరపడుతోంది. 1864 నవంబరు 1న బందరు మీద పడిన ఉప్పెన గురించి అడుగుదామంటే చూసినవాళ్లు లేరు. ఇది మాత్రం ఇంకా అడగొచ్చు.

ఆ సాయంత్రం వేదిక వద్దు, మైకు వద్దు, స్వాగతోపన్యాసం అసలే వద్దు. చాపలు వేసి నాగాయలంక, సొర్లగొంది, హంసలదీవి కనిపించేలా పెద్ద మ్యాపు నేలమీద పరిచి ఊరుకో. కాసేపటికి ఎవరో ఒకరు వంగి వేలు పెడతారు. "మీవాళ్లెంత మంది పోయారు" అని అడగొద్దు. మధ్యాహ్నం గాలి ఎటునుంచి వీచింది, గొడ్లను విప్పారా, నీళ్లు మొదట ఎక్కడ కనిపించాయి, ఏ చెట్టు పట్టుకున్నారు, మర్నాడు మొదట తిన్నదేమిటి, ఎవరు పెట్టారు, ఇలా అడుగు. చిన్న సంగతి అడిగితే పెద్దది దానంతటదే వస్తుంది. రాకపోతే లాగకు. ఫోనులో రికార్డు చేసే ముందు అడిగి చెయ్యి, పేరు, ఊరు, తేదీ మొదట్లో నీ గొంతుతోనే చెప్పు. ఆ రాత్రే వాట్సాప్ గ్రూపులో పెట్టే కుర్రాళ్లుంటారు, ముందే గట్టిగా చెప్పు. ఏడ్చిన మనిషి వీడియో ఊరంతా తిరిగితే వచ్చే ఏడు ఎవరూ రారు.

కైఫీయతుల పఠనం కూడా పెట్టు. కైఫీయతులంటే, కావలి లక్ష్మయ్యగారి లాంటి సహాయకుల్ని ఊళ్ల మీదికి పంపి ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి మెకంజీ రాయించిన గ్రామచరిత్రలు. కొన్ని జిల్లాలవి అచ్చయ్యాయి. మన చుట్టుపక్కలది దొరికితే రామమందిరం అరుగు మీద గట్టిగా చదివించు. గుడి ఎవరు కట్టించారు, చెరువు ఎవరిది అన్న దగ్గర గొడవ లేస్తుంది. లేవనీ. తీర్పు చెప్పడం నీ పని కాదు, రెండు పక్షాలు చెప్పిందీ పక్కపక్కనే రాసి, చెప్పినవాళ్ల పేర్లు పెట్టు.

మన డెల్టా చెమ్మకు కాగితం నిలవదు. బీరువాలు గోడకు జానెడు ఎడంగా ఉంచు, వానాకాలంలో వారానికోసారి వెనక చెదలు చూడు. పాత కాగితాలు లామినేషన్ చేయిస్తే పదికాలాలుంటాయని సలహా ఇస్తారు. ఒప్పుకోకు. ఒకసారి చేశాక విడదీయలేం.

కింది సొరుగులో పేర్లు లేని ఫొటోలు ఓ అట్టపెట్టె నిండా ఉన్నాయి. రోజుకొకటి, అట్టకవరులో పెట్టి, పేపరు పక్కన ఉంచు. ఎవరైనా గుర్తుపడితే ఫొటో వెనక బాల్‌పెన్నుతో రాయకు, వేరే కాగితం మీద రాసి జతచెయ్యి. కళ్లద్దాలకు దారం కట్టుకుని వచ్చే పెద్దాయన సగం మందిని గుర్తుపట్టగలడు. ఆయనకు కుడిచెవి వినపడదు, ఎడమపక్క కూర్చుని అడుగు. పదకొండు దాటితే భోజనానికి వెళ్లిపోతాడు.

ఇట్లు,
మీ మాస్టారు