సుడిగాలి పోయిన తెల్లారి

(వాతావరణం మీద పాఠకుల ప్రశ్నలకు జవాబులు. రాసేది నల్లగొండలో భౌతికశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన అధ్యాపకుడు.)

ప్రశ్న: మా చిన్నబ్బాయి అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడే వాషింగ్టన్ అనే ఊళ్ళో ఇల్లు కొంటానంటున్నాడు. 2013 నవంబర్‌లో ఆ ఊరిని టోర్నడో, అంటే పెద్ద సుడిగాలి, ఊడ్చేసిందని మా మరిది కొడుకు యూట్యూబ్‌లో వీడియో చూపించాడు. అప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. పైగా మొన్న మంగళవారం రాత్రి ఫోన్‌లో మాట్లాడుతుంటే వెనకాల సైరన్ మోగింది. "ఏం కాదులే అమ్మా" అని నవ్వేశాడు. ఆ ఇల్లు వద్దని గట్టిగా చెప్పమంటారా?
– ఒక తల్లి, మిర్యాలగూడ

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ సైరన్ సంగతి తేల్చేద్దాం. ఇల్లినాయ్‌లో ప్రతి నెలా మొదటి మంగళవారం పొద్దున పది గంటలకు సైరన్లు పనిచేస్తున్నాయో లేదో మోగించి చూస్తారు. చలికాలంలో వాళ్ళ పొద్దున పదంటే మనకు రాత్రి తొమ్మిదిన్నర. మీ ఫోన్ సరిగ్గా ఆ వేళకే వెళ్ళి ఉంటుంది. వచ్చే నెల మొదటి మంగళవారం అదే టైముకు చేసి చూడండి, మళ్ళీ వినిపిస్తుంది. పిల్లలు "ఏం కాదులే" అంటారు గానీ ఎందుకు కాదో ఒక్క ముక్క చెప్పరు. ఆ ముక్క చెబితే మీరు వారం రోజులు నిద్ర పాడుచేసుకునేవారు కాదు.

ఇక ఆ ఊరి కథ. ఇది అధ్యక్షుడుండే వాషింగ్టన్ కాదు. పియోరియా అనే నగరం పక్కన, అప్పటికి పదిహేను వేల జనాభా ఉన్న చిన్న పట్టణం. మన లెక్కలో దేవరకొండ కంటే చిన్నది. 2013 నవంబర్ 17, ఆదివారం. పొద్దున పదకొండు గంటల ప్రాంతంలో టోర్నడో ఊరి మధ్య నుంచి పోయింది. గాలి వేగం గంటకు 305 కిలోమీటర్ల దాకా ఉండొచ్చని తర్వాత తేల్చారు. అది నేల మీద నడిచిన దారి దాదాపు 74 కిలోమీటర్లు. అంటే నల్లగొండలో మొదలై మీ మిర్యాలగూడ దాటినా ఇంకా ఆగలేదన్నమాట. దాదాపు వెయ్యి ఇళ్ళు కూలడమో దెబ్బతినడమో జరిగింది. ఆ ఒక్క రోజే మధ్యపడమటి రాష్ట్రాల్లో డెబ్బైకి పైగా టోర్నడోలు దిగాయి. చికాగోలో ఫుట్‌బాల్ మ్యాచ్ మధ్యలో ఆపి జనాన్ని స్టాండ్ల కిందికి పంపేశారు.

నవంబర్‌లో ఎందుకొచ్చిందని మీకు అనుమానం రావచ్చు. అక్కడ టోర్నడోలకు అసలు సీజన్ ఏప్రిల్, మే, జూన్. చలికాలం ముందు ఇంకో చిన్న సీజన్ ఉంటుంది. దక్షిణాన మెక్సికో సింధుశాఖ మీది నుంచి తడిగాలి అప్పుడప్పుడు ఇంకా పైకి ఎగబాకుతూనే ఉంటుంది. అదే సమయానికి పైన పదికిలోమీటర్ల ఎత్తున పడమటి గాలులు బాగా బలం పుంజుకుంటాయి. కింద ఒక దిక్కు గాలి, పైన ఇంకో దిక్కు గాలి, మధ్యలో ఉరుముల మేఘం. అది తిరగడం మొదలుపెడుతుంది. ఈ కాలంలో వచ్చేవి పరుగు మీద ఉంటాయి. వాషింగ్టన్‌కు వచ్చింది కూడా గంటకు దాదాపు వంద కిలోమీటర్ల వేగంతో కదిలింది. వాకిట్లో నిలబడి "అదిగో వస్తోంది" అని వీడియో తీసుకునే టైము ఉండదు.

మీ మరిది కొడుకు చూపించని సంగతి ఒకటి ఉంది. అన్నేసి ఇళ్ళు పోయిన ఆ ఊళ్ళో చనిపోయింది ముగ్గురు. ఒక్క ప్రాణం పోయినా పోయినట్టే, కానీ ఆ వీడియో చూస్తే వందలమంది పోయారనుకుంటాం. వాతావరణ శాఖ ఆ ఉదయమే అన్నిటికన్నా పెద్ద స్థాయి హెచ్చరిక ఇచ్చింది. ఆదివారం కాబట్టి చాలామంది ఇళ్ళలో లేరు, చర్చిలో ఉన్నారు. ఇళ్ళలో ఉన్నవాళ్ళు నేలమాళిగలోకి దిగారు. పైన చెక్క ఇల్లు ఎగిరిపోయినా కింద గుంటలో మనిషి మిగిలాడు. కాబట్టి మీరు అబ్బాయిని అడగాల్సింది "ఆ ఊరెందుకురా" అని కాదు, "ఆ ఇంటికి నేలమాళిగ ఉందా" అని. ఉంటే సగం టెన్షన్ అక్కడే తీసేయండి. లేకపోతే బేరం అక్కడే ఆపమనండి. ఈ విషయంలో నేను మొహమాటపడను.

తర్వాత, పైకప్పును గోడలకూ, గోడలను పునాదికీ ఇనుప పట్టీలతో, బోల్టులతో బిగించారో లేదో చూడమనండి. వట్టి మేకులతో కొట్టిన ఇల్లు తొందరగా లేస్తుంది. బీమా కాగితంలో ఇల్లు పోతే కొత్తగా కట్టుకునేంత ఇస్తారా, పాతబడిన విలువ మాత్రమే కట్టిస్తారా అన్న వాక్యం వెతకమనండి. గాలికీ వడగళ్ళకూ మన చేతి నుంచి పెట్టుకోవాల్సిన మొత్తం విడిగా రాసి ఉంటుంది, అదీ చదవమనండి. పాస్‌పోర్టు, వీసా కాగితాలు, పెళ్ళి సర్టిఫికెట్ తడవని సంచీలో పెట్టి నేలమాళిగలోనే ఉంచాలి. ఆ రోజు వాషింగ్టన్ ఇళ్ళ కాగితాలు, ఫొటోలు ఎగిరి చికాగో వైపు ఊళ్ళలో పడ్డాయి. మనవాడి పాస్‌పోర్టు అలా పోతే చికాగోలోని భారత కాన్సులేట్ చుట్టూ తిరగాలి. ఇంకొక్కటి. సైరన్ బయట తిరిగేవాళ్ళ కోసం పెట్టింది. తలుపులు మూసుకుని పడుకున్నవాడికి అది వినబడుతుందన్న నమ్మకం లేదు. రాత్రి ఫోన్ సైలెంట్‌లో పెట్టినా హెచ్చరిక మాత్రం మోగేలా ఉంచుకోమనండి.

దేవుడి దయవల్ల రాకపోవచ్చు. వస్తే మాత్రం అది పోయాక చెయ్యాల్సినవే నాకు ముఖ్యం, ఎందుకంటే జనం అక్కడే ఏమరుపాటుగా ఉంటారు. అదే ఇల్లినాయ్‌లో మారియన్ అనే ఊరికి టోర్నడో వచ్చినప్పుడు తగిలిన గాయాల మీద ఒక అధ్యయనం చేశారు. గాయాల్లో సగం గాలి వీచినప్పటివి కావు. అది పోయాక ఎవరినో బయటికి లాగబోతూ, చెత్త ఎత్తబోతూ తగిలినవి. గాయాల్లో మూడో వంతుకు దగ్గరగా మేకులు తొక్కినవి! కాబట్టి నేలమాళిగలోకి దిగేటప్పుడు బూట్లు వేసుకుని దిగాలి. పైకొచ్చాక గ్యాస్ వాసన వస్తే స్విచ్చి ముట్టుకోకుండా బయటికి నడవాలి. జనరేటర్ ఇంట్లో పెట్టుకుంటే ఆ పొగకే ప్రాణాలు పోతాయి.

ఆ ఊరివాళ్ళు ఏడాది తిరిగేసరికి చాలా ఇళ్ళు మళ్ళీ లేపారు. టోర్నడో వచ్చిన వారానికే వాళ్ళ హైస్కూల్ పిల్లలు ఫుట్‌బాల్ సెమీఫైనల్ ఆడాల్సి ఉంది. ఎదుటి జట్టు స్కూలు వాళ్ళే బస్సులు పంపి, తిండి పెట్టి ఆడించారు. ఆటలో ఓడారు, అది వేరే సంగతి. అలాంటి ఇరుగుపొరుగు మధ్య ఇల్లు కొంటుంటే నేనైతే వద్దనను.

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. ఎండాకాలం గాలివానకు బత్తాయి తోటలో సగం చెట్లు ఒరిగాయి. బోరు దగ్గరి షెడ్డు రేకులు రెండు చెలకల అవతల దొరికాయి. ఊళ్ళో అందరూ టోర్నడో అంటున్నారు. అవునా? గిర్దావర్ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) వచ్చేలోపే చెట్లు కొట్టి పక్కన పడేశాం. ఇప్పుడు నష్టం ఎలా చూపించాలి?
– ఒక యువరైతు

జవాబు: తమ్మీ, టోర్నడోనా కాదా అన్నది ఆ ఒరిగిన చెట్లే చెప్పేవి. వాటినే నువ్వు కొట్టేశావు!

ఫుజిటా అని ఒక జపాన్ శాస్త్రవేత్త ఉండేవాడు. 1945లో అణుబాంబు పడ్డ నాగసాకికి వెళ్ళి చెట్లు ఏ దిక్కుకు పడ్డాయో చూసినవాడు. తర్వాత అమెరికా వెళ్ళి టోర్నడో నష్టాన్ని బట్టి గాలి వేగం అంచనా వేసే కొలమానం 1971లో తయారుచేశాడు. పై జవాబులో చెప్పిన 305 కిలోమీటర్లు కూడా యంత్రం పెట్టి కొలిచింది కాదు, కూలిన ఇళ్ళు చూసి కట్టిన లెక్క. ఆయనే విమానంలోంచి చూస్తుంటే కొన్ని అడవుల్లో చెట్లు ఒక చోటి నుంచి నలువైపులకూ విచ్చుకున్నట్టు పడి కనిపించాయి. సుడిగాలి అయితే అలా పడవు. ఉరుముల మేఘం లోంచి చల్లటి గాలి ఒక్కసారిగా కిందికి దూకి, నేలకు తగిలి చుట్టూ చిమ్మితే అలా పడతాయి. మన నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట వచ్చే గాలిదుమారాల్లో ఎక్కువ భాగం ఇదే. నీ తోటలో చెట్లన్నీ దాదాపు ఒకే దిక్కుకో, విసనకర్రలా విచ్చుకునో పడి ఉంటే టోర్నడో కాదు. ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా, ఒక సన్నటి పట్టీ వెంట లోపలికి తిరిగి పడి ఉంటే అనుమానించాలి. రేకులు రెండు చెలకలు దాటడం పెద్ద రుజువేం కాదు. రాళ్ళు పెట్టి ఆపిన రేకులకు టోర్నడో అక్కర్లేదు.

మన రాష్ట్రంలో అసలే రాదని మాత్రం అనను. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో యాభై వేల దాకా చెట్లు కూలాయి. అది సుడిగాలా, పైనుంచి కిందికి దూకిన గాలా అని శాస్త్రవేత్తలే తర్జనభర్జన పడ్డారు. ప్రాణాలు పోవడానికి ఆ పేరు ఉండాల్సిన పని లేదు. అదే ఏడాది మే 26న నాగర్‌కర్నూల్ జిల్లా తాడూరు మండలం ఇంద్రకల్‌లో కడుతున్న షెడ్డు గోడ గాలివానకు కూలి నలుగురు పోయారు. గాలివానకు షెడ్డు చాటుకు పరిగెత్తడం మనకు అలవాటు. పైన కాంక్రీటు బెల్టు లేని ఇటుక గోడ పక్కన నిలబడటం కంటే తడవడం మేలు. పిడుగులు పడుతుంటే చెట్టు కిందికి కూడా పోవద్దు, గట్టి స్లాబు ఇంట్లోకి వెళ్ళు.

నీ నష్టం సంగతి. కొట్టిన మొద్దులు ఇంకా గట్టు మీద ఉంటే చాలు, అవే నీ సాక్ష్యం. గుంతలు, మొద్దులు, మిగిలిన చెట్లు, అన్నీ కనబడేలా ఫొటోలు తియ్యి. ఫోన్‌లో తేదీ, చోటు నమోదయ్యేలా పెట్టుకో. పాసుపుస్తకం, సర్వే నంబర్ రాసి తహసీల్దార్ ఆఫీసులో, ఉద్యాన శాఖలో దరఖాస్తు ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం వేయించుకో. నోటిమాట మీద "రాసుకున్నాం పో" అంటే కదలకు. పంచనామాలో పక్క రైతుల సంతకాలు ఉండేలా చూసుకో. విపత్తు సహాయ నిధికి 2022 నుంచి 2026 మార్చి దాకా పెట్టిన నిబంధనల్లో 33 శాతం, ఆ పైన నష్టం ఉంటేనే పంటకు సాయం. పండ్ల తోటలకు హెక్టారుకు 22,500 రూపాయలు, అదీ రెండు హెక్టార్ల వరకే. పాలిచ్చే బర్రె పోతే 37,500. ఇల్లు పూర్తిగా కూలితే 1,20,000. బత్తాయి చెట్టు కాపుకు రావడానికి పట్టే ఏళ్ళు లెక్కేస్తే ఇది ఏ మూలకూ రాదు. అయినా వదులుకోవద్దు.

ఇంకోసారి ఇలా జరిగితే అన్ని చెట్లూ కొట్టకు. సగం వేళ్ళు మట్టిలోనే ఉన్న చెట్టును ఫొటో తీశాక ఒకటి రెండు రోజుల్లోనే నిలబెట్టొచ్చు. కొమ్మలు బాగా కత్తిరించి, తాళ్ళతో లేపి, మొదట్లో మట్టి ఎగదోసి, కోసిన చోట బోర్డో పేస్టు పూస్తే చాలా చెట్లు బతుకుతాయి. ఈ పని గిర్దావర్ కోసం ఆగదు. కరెంటు తీగ తెగి పడి ఉంటే మాత్రం తోటలో కాలు పెట్టకముందే 1912కు ఫోన్ చెయ్యి. బట్టలారేసే ఇనుప దండేన్ని కూడా ముట్టుకోవద్దు, సర్వీసు వైరు దాని మీద పడి ఉండొచ్చు.

ప్రశ్న: గాలివానకు మా ఇంటి రేకులు లేచిపోయాయి. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ మా ఆరేళ్ళ పాప అప్పటి నుంచి మబ్బు పడితే చాలు మంచం కిందికి దూరుతోంది. దిష్టి తీయించాం, తాయెత్తు కట్టించాం. ఏం చేయాలి?
– ఒక గృహిణి, జడ్చర్ల

జవాబు: తాయెత్తు ఉండనివ్వండి, నష్టం లేదు. పాప భయపడటం తప్పు కాదమ్మా. కప్పు లేచిపోవడం కళ్ళారా చూసింది. "ఏం లేదు, భయమెందుకు" అంటే ఆ పిల్ల మిమ్మల్ని నమ్మడం మానేస్తుంది. "అవును, గాలొస్తోంది, మనం ఫలానా గదిలోకి వెళ్దాం" అనండి. తనకో పని అప్పజెప్పండి. టార్చిలైటు తన దగ్గరే ఉండాలి, మబ్బు పట్టగానే తనే తెచ్చి ఇవ్వాలి. చేతిలో పని ఉంటే భయం కొంచెం సర్దుకుంటుంది. ఇంట్లో పెద్దవాళ్ళు వచ్చినవాళ్ళందరికీ ఆ రాత్రి కథ పాప ముందే చెప్పడం ఆపాలి. మన ఇళ్ళలో ఇదే కష్టం. కొత్త రేకులను బోల్టులు వేసి బిగించేటప్పుడు పాపను దూరంగా కూర్చోబెట్టి చూపించండి. నెల దాటినా నిద్రలో ఉలిక్కిపడటం, పక్క తడపడం, బడికి పోననడం తగ్గకపోతే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ, డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న: టోర్నడో వస్తే కిటికీలన్నీ తెరవాలట, లేకపోతే లోపలి గాలి ఒత్తిడికి ఇల్లు పేలిపోతుందట. మా వాట్సాప్ గ్రూపులో వచ్చింది. నిజమేనా సార్?
– ఇంటర్ విద్యార్థి, వనపర్తి

జవాబు: కాదు. అమెరికాలోనే ఒకప్పుడు చాలామంది ఇలా నమ్మేవారు, అది ఇప్పుడు మన గ్రూపుల్లోకి వచ్చినట్టుంది. ఇళ్ళు ఒత్తిడికి పేలవు. ఎక్కడో ఒక తలుపో కిటికీయో విరిగి గాలి లోపలికి దూరి, కప్పును కింది నుంచి ఎత్తేస్తుంది. నువ్వు కిటికీ తెరిస్తే ఆ గాలికి దారి నువ్వే ఇచ్చినట్టు. పైగా అద్దం దగ్గర నిలబడి ఉంటావు. కిటికీలు వదిలేసి, అన్నిటికన్నా కింది అంతస్తులో, కిటికీ లేని లోపలి గదిలోకి వెళ్ళి తల కప్పుకోవాలి. గ్రూపులో ఇది కూడా పెట్టు.