గొర్రె గుండెలో తెల్ల బుడగలు: మందు గొర్రెకు కాదు, కుక్కకు వేయండి

సందేహం: మాకు 60 గొర్రెలున్నాయి. మొన్న కోసిన రెండు పొట్టేళ్ల గుండె మీద తెల్ల బుడగలు, కొన్ని సున్నం ముక్కల్లా గట్టిగా కనిపించాయి. ఫోటో పంపుతున్నాం. ఇమ్యూనిటీ తగ్గి గుండెజబ్బు వచ్చిందని, మంద మొత్తానికి వారం వారం ఐవర్‌మెక్టిన్, లెవమిసోల్ ఇంజక్షన్లు వేయమని మందుల షాపతను చెప్పాడు. వేయమంటారా? – ఒక రైతు, శంకర్‌పల్లి

జవాబు: వేయకండి. ఇది గుండెజబ్బు కాదు, గొర్రె నుంచి గొర్రెకు అంటదు. ఫోటోను బట్టి ఇవి సిస్టిసర్కస్ ఓవిస్, అంటే కుక్క బద్దెపురుగు పిల్లదశ. కుక్క పెంటలోని గుడ్లు మేతతో లోపలికి పోతాయి. పిల్లపురుగు పేగు తొలుచుకుని రక్తంలో పడి గుండెకు, ఇతర కండలకు చేరుతుంది.

ఇమ్యూనిటీ తగ్గిందన్నది తలకిందుల మాట. ఆ సున్నం ముక్కలు చచ్చిన బుడగలు, గొర్రె ఒంటి రక్షణ పనిచేసిందనడానికి గుర్తు. ఒకసారి సోకిన గొర్రెలో యాంటీబాడీలు తయారై, కొత్తగా వచ్చే పిల్లపురుగుల్ని తొలి రోజుల్లోనే చంపేస్తాయి. బుడగ కట్టాక వాటికి అంత తేలిగ్గా లొంగదు. అందుకే దెబ్బ ఎక్కువగా లేత జీవాలకే. పుట్టిన గంటలోపు ముర్రుపాలు తాగించండి, తల్లి యాంటీబాడీలు కొన్ని వారాలు కాపాడతాయి. దీనికి విదేశాల్లో 1989లోనే టీకా కనిపెట్టారు కానీ మన షాపుల్లో దొరకదు. ఎవరైనా సీసా చూపిస్తే కొనకండి.

షాపతను చెప్పిన ఐవర్‌మెక్టిన్ బద్దెపురుగు మీద అసలు పనిచేయదు. లెవమిసోల్ డోసు కాస్త మించినా జీవాలు వణికి, చొంగ కార్చి పడిపోతాయి. రోగమేదో చూడకుండా ఇంజక్షన్ రాసిచ్చే షాపు దగ్గర దాణా కొనుక్కోండి, సలహా వద్దు.

మంద కాపలా కుక్కలన్నిటికీ ప్రాజిక్వాంటెల్ మాత్ర, 10 కిలోల బరువుకు 50 మి.గ్రా. చొప్పున, నెలకోసారి వేయండి. కుక్కలో పురుగు ఎదిగి గుడ్లు విడవడానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది, నెల తప్పకపోతే ఆ అవకాశం ఉండదు. మాత్ర గుడ్లను చంపదు కాబట్టి రెండు రోజులు కుక్కను కట్టేసి, పెంట లోతుగా పూడ్చండి. ఈ బుడగలున్న పచ్చి మాంసం తింటేనే కుక్కకు ఆ పురుగు పడుతుంది, అందుకే పచ్చి గుండె, తలమాంసం కుక్కలకు విసరకండి. పెట్టాల్సి వస్తే అరగంట ఉడకబెట్టండి.

ఈ బుడగలు మనుషులకు రావు. కానీ అదే కుక్కలో హైడాటిడ్ అనే మరో బద్దెపురుగు కూడా ఉండొచ్చు, అది మనుషుల కాలేయంలో గడ్డ కడుతుంది. కుక్కను ముట్టాక పిల్లల చేతులు సబ్బుతో కడిగించండి. ఈసారి ఇలాంటి గుండె కనిపిస్తే ఐసులో పెట్టి రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలకు తీసుకురండి, పరీక్షించి ఖాయం చేసుకుందాం.