బొమ్మ పడని పెట్టె, మాయమయ్యే నీడ

ప్రశ్న: నాలుగో తరగతి పిల్లలతో 15 సెంటీమీటర్ల పొడవున్న అట్టపెట్టెకు బెజ్జం పెట్టించి పిన్‌హోల్ కెమెరా చేయించాను. వెనకవైపు నూనె రాసిన తెల్లకాగితం అంటించాం. కాగితం మీద వెలుతురు పడుతోంది తప్ప బొమ్మ రావడం లేదు. లోపం ఎక్కడుంది?
– ఒక టీచరు, మధురవాడ

జవాబు: బెజ్జం పెద్దదై ఉంటుంది. ఎక్కువమంది దగ్గర జరిగేది అదే. చెట్టు కొసన ఉన్న ఆకు నుంచి వచ్చే వెలుగు తిన్నగా బెజ్జంలో దూరి కాగితం అడుగున పడుతుంది. మొదలు నుంచి వచ్చింది పైన పడుతుంది. బొమ్మ తలకిందులయ్యేది అందుకే. బెజ్జం వెడల్పయితే ఒక్కో ఆకు వెలుగు చుక్కలా కాకుండా బిళ్లలా పడుతుంది. ఆ బిళ్లలన్నీ ఒకదాని మీద ఒకటి పడి అలుక్కుపోతాయి. మీకు కనిపిస్తున్న ఉత్త వెలుతురు అదే.

అట్టకే నేరుగా బెజ్జం పెట్టకండి. అట్ట మందంగా ఉండటంతో అది గొట్టంలా తయారై, అంచుల్లో పీచు లేస్తుంది. రూపాయి బిళ్లంత కంత కోసి, దానిమీద రొట్టెలు చుట్టే అల్యూమినియం ఫాయిల్ అంటించి, సన్న సూది మొనతో పొడవండి. సూదిని పూర్తిగా దూర్చొద్దు. మీ పెట్టెకు అర మిల్లీమీటరు బెజ్జం సరిపోతుంది. మరీ సన్నమైతే బొమ్మ మసకబారుతుంది, పైగా వెలుగు అంచుల దగ్గర వంగి చెదురుతుంది.

పెట్టె మూలలకు నల్లటేపు వేయండి. ఎండలో ఉన్న చెట్టు వైపు తిప్పి, తలా కాగితమూ కలిపి నల్లగుడ్డ కప్పుకుని చూడాలి. కళ్లు చీకటికి అలవాటు పడాలంటే కనీసం ఒక నిమిషం పడుతుంది. పిల్లలు ఆ నిమిషం ఆగలేక ‘ఏమీ లేదు టీచర్’ అనేస్తారు, ఆపండి. 20 మీటర్ల దూరంలోని 10 మీటర్ల కొబ్బరిచెట్టు కాగితం మీద ఏడున్నర సెంటీమీటర్లు ఉంటుంది. ఆ లెక్క వాళ్లచేతే కట్టించి, స్కేలుతో కొలిపించండి. సూర్యుణ్ణి మాత్రం ఎవరినీ నేరుగా చూడనివ్వకండి.

వేపచెట్టు కింద ఎండ గుండ్రటి మచ్చలుగా పడటం చూసే ఉంటారు. ఆకుల సందులు గుండ్రంగా ఉండవు, అయినా మచ్చలు గుండ్రమే. అవి సూర్యుడి బొమ్మలు! పెట్టె పక్కన పెట్టి ఒకసారి పిల్లల్ని ఆ చెట్టు కిందకు తీసుకెళ్లండి.

ప్రశ్న: మిట్టమధ్యాహ్నం నీడ అస్సలు లేకుండా పోతుందా? మా నీడ ఎప్పుడూ కొంచెం కనిపిస్తూనే ఉంది.
– ఐదో తరగతి విద్యార్థిని, భీమిలి

జవాబు: పోతుంది తల్లీ, కాకపోతే ఏడాదికి రెండుసార్లే. సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వచ్చినప్పుడు వెలుగు నిట్టనిలువుగా దిగుతుంది, వస్తువు నీడ దాని అడుగునే దాక్కుంటుంది. మన విశాఖ వైపు అది మే 10 దగ్గర్లో ఒకసారి, ఆగస్టు 2 దగ్గర్లో ఇంకోసారి జరుగుతుంది. ఢిల్లీలో ఎప్పుడూ జరగదు, సూర్యుడు అంత ఉత్తరానికి రాడు.

30 సెంటీమీటర్ల పైపు ముక్కను చదునైన నేల మీద నిలబెట్టు. దారానికి రాయి కట్టి పక్కన వేలాడదీసి, పైపు దాంతో సమంగా ఉందో లేదో చూసుకో. మేలో అయితే 11 గంటల 53 నిమిషాలకు, ఆగస్టులో 12 గంటల 3 నిమిషాలకు చూడాలి. రోజు ఒకటి తప్పినా ఫర్వాలేదు, నీడ మిల్లీమీటరు పైచిలుకు ఉంటుందంతే. పది నిమిషాలు ఆలస్యమైతే మాత్రం సెంటీమీటరు దాటిపోతుంది. ఆగస్టులో మబ్బు పడుతుంది కాబట్టి మేలోనే చూడు, సెలవులు కూడా కదా.